రెండు కేంబ్రిడ్జ్‌లు, ఒక మంగళవారం

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. డిగ్రీకి నాకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో మ్యాథ్స్. జనవరి చివర్లోనే ఆఫర్ వచ్చింది గానీ, స్టెప్ 2, స్టెప్ 3 అనే మ్యాథ్స్ ప్రవేశ పరీక్షలు రెండింటిలోనూ గ్రేడ్ 1 తెచ్చుకోవాలని షరతు. రెండోది అమెరికాలోని ఎమ్ఐటీ. అక్కడ ఇంకే పరీక్షా లేదు. ఆర్థిక సాయం, ఏళ్ల లెక్క అన్నీ కలిపి చూస్తే ఖర్చు రెండు చోట్లా దగ్గరదగ్గరగానే తేలింది, దాని గురించి ఆలోచించకు అంది అమ్మ. నాన్న "న్యూటన్ చదివిన చోటు" అంటారు. అన్నయ్య "ఫిజిక్స్ మేధావి ఫైన్‌మన్ చదివిన చోటు" అంటాడు. ర్యాంకింగ్‌లు చూస్తే ఒక లిస్టులో ఇది పైన, ఇంకో లిస్టులో అది పైన. మే 1 లోపు ఎమ్ఐటీకి జవాబు చెప్పాలి. నెల రోజులుగా ఇదే టెన్షన్, నిద్ర పట్టడం లేదు. లెక్కలే నా లోకం (మధ్యమధ్య లింగ్విస్టిక్స్, అంటే భాషాశాస్త్రం, ఒలింపియాడ్ పాత పేపర్లు చేసుకుంటూ ఉంటాను, ఒక్కోసారి తెల్లవారిపోతుంది, అది వేరే సంగతి). రెండింట్లో ఏది మంచిదో ఒక్క మాటలో చెప్పండి.
– ఒక విద్యార్థిని

జవాబు: ఒక్క మాటలో చెప్పమన్నావు. ఆ విద్యే నాకు వచ్చుంటే ఈ శీర్షికకి ఇన్ని పేజీలు ఇచ్చేవారు కాదు.

ముందు ఒక తమాషా. నీ రెండు ఆఫర్లూ కేంబ్రిడ్జ్ నుంచే వచ్చాయి, చూసుకున్నావా? ఎమ్ఐటీ ఉన్న మసాచుసెట్స్ ఊరికి మొదట న్యూటౌన్ అని పేరు. 1638లో ఇంగ్లండ్ కేంబ్రిడ్జ్ పేరు తెచ్చి దానికి పెట్టుకున్నారు. ఎమ్ఐటీ ఆ ఊళ్లోకి మారింది 1916లో. కాబట్టి నువ్వు ఎక్కడ చేరినా, ఎవరైనా అడిగితే మీ నాన్నగారు "మా అమ్మాయి కేంబ్రిడ్జ్‌లో చదువుతోంది" అని చెప్పుకోవచ్చు. అబద్ధం కాదు.

ఇక అసలు సంగతి. "ఏది మంచిది" అన్న ప్రశ్నకు జవాబు లేదు తల్లీ. రెండూ మంచివి కాబట్టే నీకు నిద్ర పట్టడం లేదు. ఒకటి నాసిగా ఉంటే నాకు ఉత్తరం రాసేదానివే కాదు. అందుకని ప్రశ్న మారుద్దాం. చేరిన రెండో నెలలో ఒక మంగళవారం నువ్వు ఎక్కడ కూర్చుని ఏం చేస్తుంటావు? నువ్వు రాసిన కాగితం ఎవరు చదువుతారు? మధ్యలో మనసు మారితే ఎవరి అనుమతి అడగాలి? ఈ మూడింటికీ జవాబులు దొరుకుతాయి. పైగా రెండు చోట్లా ఆ జవాబులు ఒకేలా ఉండవు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. నాకూ ఒకప్పుడు రెండు చోట్ల స్టాటిస్టిక్స్‌లో సీటు వచ్చింది. పేరు పెద్దదని ఒకదాంట్లో చేరాను. నా స్నేహితురాలు రెండోదాంట్లో చేరింది. మొదటి ఏడాదంతా నేను రాసిచ్చిన హోంవర్కు మీద ఒక టిక్కు, ఒక మార్కు, అంతే. అనుమానం వచ్చి ఓసారి ఒక ప్రూఫ్ మధ్యలో "ఈ వాక్యం చదివినవారు దయచేసి ఇక్కడ సంతకం చేయగలరు" అని రాసి ఇచ్చాను. పదికి తొమ్మిది వేసి తిరిగొచ్చింది. సంతకం లేదు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించారో ఇప్పటికీ తెలీదు. సెలవుల్లో స్నేహితురాలి నోట్‌బుక్కు తిరగేశాను. మార్జిన్ల నిండా ఎర్ర సిరా. "ఇక్కడ హారం సున్నా అయితే?" "ఇది నువ్వు నిజంగా నమ్ముతున్నావా?" ఒకచోట ఊరికే "అబ్బ!" అని. ఆ "అబ్బ" చూసి నాకు పుట్టిన అసూయ ఇంకా చల్లారలేదు.

అందుకే ముందు కేంబ్రిడ్జ్ మంగళవారం సంగతి. అక్కడ ఏడాదికి మూడు టర్ములు, ఒక్కోటి దాదాపు ఎనిమిది వారాలే. మ్యాథ్స్ మొదటి ఏడాది ప్రధానంగా ఎనిమిది కోర్సులు, ఒక్కో కోర్సుకి 24 లెక్చర్లు. మొదటి రెండు టర్ముల్లో నాలుగేసి కోర్సులు. అంటే వారానికి పన్నెండు లెక్చర్లు, రోజుకి రెండు. లెక్క కుదరాలంటే వారానికి ఆరు రోజులు కావాలి కదా. అవును, శనివారం కూడా క్లాసే. చాలామంది ఈ సంగతి చేరాకే తెలుసుకుంటారు.

లెక్చర్లు పొద్దున్నే అయిపోతాయి. మిగతా రోజంతా నీదీ, ఎగ్జాంపుల్ షీట్ అనే లెక్కల కాగితానిదీ. కోర్సుకి నాలుగు షీట్లు ఇస్తారు. ఒక్కో షీట్ మీద పడి రెండు మూడు రోజులు కొట్టుకుని, రాసి ఇస్తే, ఆ కాగితం చదివిన మనిషి నిన్నూ ఇంకొకరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడతారు. దీన్ని సూపర్‌విజన్ అంటారు. వారానికి రెండు ఉంటాయి. దాక్కోవడానికి చోటుండదు. గదిలో ఉన్నదే ముగ్గురు! నా బోటిదానికి అదొక స్వర్గంలా కనిపిస్తుంది. కానీ నోరు తెరవడానికి మొహమాటపడే పిల్లలకి మొదటి టర్ము చాలా కష్టంగా గడుస్తుంది. నువ్వు ఏ రకమో నీకే తెలియాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆ షీట్లకు మార్కులు లేవు. ఏడాదంతా ఎంత బాగా రాసినా రికార్డులోకి ఎక్కదు. మొదటి ఏడాది ఫలితమంతా జూన్ ప్రాంతంలో నాలుగు పేపర్ల మీద, ఒక్కోటి మూడేసి గంటల మీద నడుస్తుంది. ఏడాది మధ్యలో తప్పులు చేయడానికి బోలెడంత స్వేచ్ఛ, చివర్లో ఆ వారంలో జ్వరం రాకూడదు. కొందరికి ఇది హాయి. ఎప్పటికప్పుడు మార్కు కనబడకపోతే కాళ్లూ చేతులూ ఆడనివాళ్లకు ఇది చిత్రహింస.

ఎమ్ఐటీ మంగళవారం వేరు. మొదటి ఏడాది కాలిక్యులస్, ఫిజిక్స్ లాంటివి పెద్ద క్లాసులే. లెక్చర్ పెద్ద హాల్లో, ఆ తర్వాత చిన్న గదిలో రెసిటేషన్, అంటే కొద్దిమందితో లెక్కలు చేస్తూ చర్చించే క్లాసు. ప్రాబ్లమ్ సెట్లు దాదాపు వారం వారం ఇవ్వాలి, వాటికి మార్కులుంటాయి, మధ్యలో పరీక్షలూ ఉంటాయి. నీ కాగితం దిద్దేవాళ్లు తరచు నీకన్నా కొన్నేళ్లు పెద్దవాళ్లయిన విద్యార్థులే. మంచిగా దిద్దేవాళ్లు దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. అక్కడ నిజంగా చదువు నేర్పేది పక్కనున్నవాళ్లు. రాత్రి పదకొండింటికి నలుగురు ఒక బల్ల చుట్టూ చేరి ఒక ప్రాబ్లమ్ సెట్ మీద తగువులాడుకోవడం అక్కడి చదువులో భాగం.

మరి మొదటి ఏడాదే మార్కులు పడితే భయం కదా అంటావు. దానికీ ఒక ఏర్పాటుంది. 1968 నుంచి అక్కడ మొదటి సెమిస్టర్‌కి గ్రేడ్లు బయటికి రావు. పాసైతే పాస్ అని ఉంటుంది, తప్పితే బయటికిచ్చే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ కోర్సే కనబడదు. 1969 నుంచి నడుస్తున్న యూరాప్ అనే పథకం కింద డిగ్రీ పిల్లలు కూడా ప్రొఫెసర్ల పరిశోధనలో పనిచేయొచ్చు, మొదటి ఏడాది నుంచే.

కానీ అక్కడ నువ్వు లెక్కలు మాత్రమే చదవడం కుదరదు. అందరికీ తప్పనిసరి కోర్సులు 17. అందులో ఫిజిక్స్ రెండు, కెమిస్ట్రీ ఒకటి, బయాలజీ ఒకటి, హ్యుమానిటీస్, కళలు, సామాజిక శాస్త్రాలు కలిపి ఎనిమిది. ఇవి కాక ఈత పరీక్ష కూడా ఉంది. నవ్వకు, నిజం. నూరు గజాలు ఈదాలి, రాకపోతే నేర్చుకోవాలి. లెక్కలే లోకం అన్న అమ్మాయికి బయాలజీ చదవమంటే విసుగు రావాలి. నీకు వస్తుందా?

ఇక్కడే నీ ఉత్తరంలోని బ్రాకెట్ల దగ్గరికి వస్తాను. ర్యాంకింగ్‌ల గురించి ఒక వాక్యం రాశావు, నాన్న, అన్నయ్యల గురించి ఇంకో రెండు. తెల్లవారేదాకా కూర్చోబెట్టిన సంగతిని మాత్రం బ్రాకెట్లలో పెట్టి "అది వేరే సంగతి" అన్నావు. ఇన్నేళ్లుగా ఉత్తరాలు చదువుతున్నాను. అసలు విషయం చాలాసార్లు బ్రాకెట్లలోనే ఉంటుంది.

కేంబ్రిడ్జ్‌లో నువ్వు చేరేది యూనివర్సిటీలో మాత్రమే కాదు, మ్యాథ్స్ అనే ఒక సబ్జెక్టులో. లింగ్విస్టిక్స్ అక్కడా ఉంది, బాగానే చెబుతారు. వాళ్ల లెక్చర్‌కి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటే ఎవరూ పొమ్మనరు. కానీ అది నీ డిగ్రీ లెక్కలోకి రాదు. పూర్తిగా మారాలనుకుంటే నీ కాలేజీ ఒప్పుకోవాలి. ఒప్పుకోరని కాదు, అడిగి, కారణం చెప్పి, ఒప్పించుకోవాలి. ఎమ్ఐటీలో మొదటి ఏడాది చివర్లో గానీ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ఏదో చెప్పక్కర్లేదు. ఏది కావాలంటే అది తీసుకోవచ్చు, ఇన్ని సీట్లే అన్న లెక్క లేదు. లింగ్విస్టిక్స్ అక్కడ పక్కవాయిద్యం కూడా కాదు. ఆ శాస్త్రం దారినే మార్చిన నోమ్ చామ్‌స్కీ 1955లో చేరింది అక్కడే. పైగా ఆ ఎనిమిది తప్పనిసరి కోర్సుల్లో లింగ్విస్టిక్స్ కూడా లెక్కకి వస్తుంది. అంటే నువ్వు దొంగచాటుగా చేస్తున్న పనికి అక్కడ క్రెడిట్లు ఇస్తారన్నమాట.

మీ అన్నయ్య ఫైన్‌మన్ పేరు ఎందుకు ఎత్తాడో గానీ, మంచి ఉదాహరణే ఎత్తాడు. ఫైన్‌మన్ ఎమ్ఐటీలో మొదట మ్యాథ్స్‌లో మొదలుపెట్టి, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌కి దూకి, చివరికి ఫిజిక్స్‌లో కుదురుకుని 1939లో డిగ్రీ పూర్తి చేశాడు. నాన్నగారి న్యూటన్ మాటకొస్తే, 1665లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జ్ మూసేస్తే ఇంటికెళ్లి కూర్చున్న రోజుల్లోనే ఆయన బుర్ర బ్రహ్మాండంగా పనిచేసింది. అది యూనివర్సిటీ గొప్పో, సెలవుల గొప్పో నాన్నగారినే అడుగు.

తేదీల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. స్టెప్ పరీక్షలు జూన్‌లో, ఫలితం ఆగస్టులో. ఎమ్ఐటీకి జవాబు మే 1కి. కేంబ్రిడ్జ్ మ్యాథ్స్‌లో సీట్లకన్నా చాలా ఎక్కువమందికి ఆఫర్లిస్తారు, స్టెప్ దగ్గర వడపోస్తారు. అంటే మేలో ఎమ్ఐటీకి వద్దని చెప్పి, ఆగస్టులో ఒక గ్రేడు తగ్గితే రెండూ పోతాయి. బ్రిటన్ డిగ్రీ దరఖాస్తులు వెళ్లే యూకాస్‌లో ఇన్సూరెన్స్ ఛాయిస్‌గా, అంటే మొదటిది తప్పితే చేరే చోటుగా, ఏం పెట్టుకున్నావో చూసుకో. అక్కడికి వెళ్లడానికి మనసు ఒప్పుతుందో లేదో ఇప్పుడే తేల్చుకో. స్టెప్ పాత పేపర్లు టైము పెట్టుకుని రాస్తే నీ స్థితి నీకు తెలిసిపోతుంది. అమ్మను ఒక్క ప్రశ్న అడుగు చాలు: ఎమ్ఐటీ సాయం మొదటి ఏడాది లెక్కా, నాలుగేళ్ల లెక్కా? ఇంటి ఆదాయం మారితే ఆ సాయమూ మారొచ్చు.

ఇప్పుడొక పని చెప్తాను. రెండు వారాలు పడుతుంది. కేంబ్రిడ్జ్ మ్యాథ్స్ ఎగ్జాంపుల్ షీట్లు వాళ్ల సైట్‌లోనే ఉంటాయి. 'నంబర్స్ అండ్ సెట్స్' కోర్సు మొదటి షీట్ తీసుకో. ఎమ్ఐటీ 2001లో ప్రకటించిన ఓపెన్‌కోర్స్‌వేర్ అనే ఉచిత పాఠాల సైట్‌లో గిల్బర్ట్ స్ట్రాంగ్ గారి లీనియర్ ఆల్జీబ్రా, కోర్సు నంబరు 18.06, పాఠాలూ ప్రాబ్లమ్ సెట్లూ అన్నీ ఉన్నాయి. ఒక వారం దీనితో, ఒక వారం దానితో గడుపు. కష్టం ఎంతో చూడమనడం లేదు, నీకు రెండూ అందుతాయి. షీట్ పక్కన పెట్టి లింగ్విస్టిక్స్ పేపర్ కోసం చెయ్యి ఎన్నిసార్లు సాగిందో కాగితం మీద గీతలు పెట్టు.

నా మొగ్గు ఎటో చెప్పకుండా తప్పించుకోను. నీ ఉత్తరం చదివాక ఎమ్ఐటీ అనిపిస్తోంది. నీ బ్రాకెట్ల కోసం, ఆ ఆగస్టు గండం కోసం. కానీ ఆ కేంబ్రిడ్జ్ వారంలో షీట్ మీద పడి తిండీ నిద్రా మరిచిపోయి, లింగ్విస్టిక్స్ పేపరు సంగతే గుర్తు రాకపోతే నా మాట పక్కన పడెయ్. అప్పుడు నీకు వారానికి రెండుసార్లు ఎదురుగా కూర్చుని నీ ప్రూఫ్ చదివే మనిషి కావాలి. అలాంటి చోటు వదులుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయికి రెండు మంచి యూనివర్సిటీల్లో సీటొచ్చింది. ప్రపంచ ర్యాంకుల్లో ఒకటి ఇరవైలలో, ఒకటి నలభైలలో ఉంది. వాడు నలభై దానిలో చేరతానంటున్నాడు. రేపు ఉద్యోగాల్లో వెనకబడతాడేమోనని నా భయం.
– ఒక తండ్రి

జవాబు: మీ భయం అర్థమైంది. కానీ ఆ అంకె ఎలా వండుతారో ఒకసారి చూడండి. 2003 నుంచి వస్తున్న షాంఘై ర్యాంకింగ్‌లో నూటికి ముప్ఫై పాళ్లు పూర్వ విద్యార్థులకూ అధ్యాపకులకూ వచ్చిన నోబెల్, గణితానికిచ్చే ఫీల్డ్స్ పతకాల లెక్క. నోబెల్ వచ్చిన ఆయన మీ అబ్బాయి క్లాసు గుమ్మం తొక్కుతారో లేదో అందులో ఉండదు. క్యూఎస్ ర్యాంకింగ్‌లో ఇప్పుడు ముప్ఫై శాతం ప్రపంచంలోని అధ్యాపకులను అభిప్రాయం అడిగి వేసే మార్కు. క్లాసులో పాఠం ఎలా చెబుతారో సూటిగా కొలిచేది ఏదీ కనబడదు.

ఇంకో సంగతి. 2022లో ర్యాంకు కోసం కొలంబియా యూనివర్సిటీ ఇచ్చిన అంకెల్లో తేడాలున్నాయని ఆ యూనివర్సిటీ గణితం ప్రొఫెసరే, మైకేల్ థాడియస్, లెక్కలతో సహా బయటపెట్టారు. అదే ఏడాది యూఎస్ న్యూస్ లిస్టులో కొలంబియా 2వ ర్యాంకు నుంచి 18కి జారింది. ఆ కొద్ది నెలల్లో అక్కడి క్లాసుల్లో ఏం మారింది? ఏమీ మారలేదు.

ఉద్యోగాల సంగతి: 2002లో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1976లో కాలేజీలో చేరిన అమెరికా విద్యార్థుల సంపాదన చూశారు. తెలివైన పని ఏం చేశారంటే, ఒకే రకం కాలేజీల్లో సీటొచ్చిన పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చారు. పెద్దపేరు కాలేజీలో చేరినవాళ్లకీ, సీటొచ్చినా ఇంకోచోట చేరినవాళ్లకీ సగటు సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పేద ఇళ్ల పిల్లలకు మాత్రం పెద్ద కాలేజీ వల్ల లాభం కనిపించింది. 2023లో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ మళ్లీ చూస్తే, సగటు అలాగే ఉంది గానీ, అందరికన్నా పైనుండే ఒక్క శాతం సంపాదనపరుల్లో చేరే అవకాశం పెద్దపేరు చోట ఎక్కువని తేలింది. అయితే వాళ్లు పోల్చింది హార్వర్డ్ లాంటి డజను సంస్థలతో పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీలను. ఇరవైకీ నలభైకీ మధ్య తేడా గురించి అది ఏమీ చెప్పదు.

అబ్బాయిని "ఎందుకు అదే?" అని అడిగి, మధ్యలో అడ్డుకోకుండా పది నిమిషాలు వినండి. "ఫ్రెండ్స్ అక్కడే చేరుతున్నారు" అంటే అప్పుడు మీరు పట్టుబట్టొచ్చు. కోర్సుల పేర్లూ, ల్యాబు సంగతులూ చెప్పడం మొదలుపెడితే సంతకం పెట్టేయండి.

ప్రశ్న: సీటొచ్చిన రెండు చోట్లా చదువుతున్న సీనియర్లతో మాట్లాడాను మేడమ్. ఇద్దరూ "సూపర్‌గా ఉంది" అన్నారు. ఇంకేం అడగాలి?

జవాబు: "ఎలా ఉంది" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. తను ఎంచుకున్నదాన్ని బాగాలేదని కొత్తవాళ్లతో చెప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందుకని అభిప్రాయం అడక్కు, పోయిన వారం సంగతి అడుగు. ఏం రాసి ఇచ్చావు? ఎన్ని రోజులకు తిరిగొచ్చింది? దాని మీద ఏం రాశారు, ఫొటో తీసి పంపగలవా? కావాలనుకున్న కోర్సుల్లో సీట్లు నిండిపోయి దొరకనివి ఏవైనా ఉన్నాయా? వీలైతే మొదటి ఏడాది వాళ్లను వదిలేసి మూడో ఏడాది వాళ్లను పట్టుకో, కొత్త మోజు తీరి ఉంటుంది. చివరగా, "అర్థం కాలేదు" అని ఆఖరిసారి ఎవరితో అన్నావు అని అడుగు. వెంటనే ఒక మాస్టారి పేరో, ట్యూటర్ పేరో చెబితే రాసుకో. కాసేపు ఆలోచించి "వాట్సాప్ గ్రూపులో" అంటే, అదీ రాసుకో.